బంద్ రోజు కూరగాయలు

నాకు అనుమానం ఎక్కువని మా చుట్టాలందరూ అంటారు. అంటే అననీ. టెన్నిస్ ఆడేవాడితో కాపురం చేసి చూడమనండి, ఎవరికి రాదో నేనూ చూస్తాను.

మా ఆయన ఒకప్పుడు దేశంలో సింగిల్స్ ఛాంపియన్. ఆ ఆట పుణ్యమా అని ఆయనకు సర్కారు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం పుణ్యమా అని మేం కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాం. పెళ్ళయిన కొత్తలో నేనూ ఆయన వెంట ఊళ్ళు తిరిగాను. టీవీలో చూసేవాళ్ళకు తెలియదు గానీ, చిన్న టోర్నమెంట్లలో మొదటి రౌండ్లకు గీతల దగ్గర అంపైర్లెవరూ ఉండరు. బంతి లోపల పడిందో బయట పడిందో అవతల ఆడేవాడే చెప్పాలి. నీ పరీక్ష పేపరు నువ్వే దిద్దుకో అన్నట్టు! ఇక అనుమానం రాక ఏమొస్తుంది? నేను గ్యాలరీలో కూర్చుని ఆటను కాదు, అవతలివాడి మొహాన్ని చూసేదాన్ని. అబద్ధం చెప్పబోయేవాడు ముందుగా బంతిని కాకుండా మనిషిని చూస్తాడని అక్కడే కనిపెట్టాను.

ఆయన నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. కొత్త డబ్బా తీస్తే ప్రతి బంతినీ బొటనవేలితో నొక్కి చూడందే ఒప్పుకునేవారు కాదు. తన నీళ్ళ సీసా ఇంకొకరు ముట్టుకుంటే పారబోసేవారు. హోటల్ తిండి మీద నమ్మకం లేక లాడ్జి గదిలో నా చేత కుక్కర్‌లో అన్నం వండించుకునేవారు. ఆఖరికి నన్నూ నమ్మలేదు. ఆట అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి "ఎట్లా ఆడాను?" అని అడిగేవారు. "బాగా ఆడారండీ" అనేదాన్ని. "నీ మాట నేన్నమ్మను" అనేవారు. కప్పు గెలిచిన రోజు కూడా అదే ప్రశ్న, అదే జవాబు, అదే మాట. చేతిలో కప్పు పెట్టుకుని మరీ అన్నారు. నాకు ఒళ్ళు మండి ఆ పూట అన్నం వండలేదు.

ఆయన ఆటంతా సర్వీసులోనే, చెయ్యి తల మీదికెత్తి కొట్టే ఆ మొదటి దెబ్బలోనే ఉండేది. ఆ సర్వీసే కుడి భుజాన్ని తినేసింది. ఆడటం మానేశాక కొన్నాళ్ళు కోచింగ్ అన్నారు, అదీ పడలేదు, చివరికి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఇక మీదట మీరు రాకెట్ పట్టి సర్వీస్ చేశారంటే, ఈ చెయ్యి తల దువ్వుకోవడానికి కూడా లేవదు." ఆయన వింటున్నట్టే తలూపారు. అవతలివాడి సర్వీసు కోసం కాచుకున్నప్పుడు కూడా ఆయన సరిగ్గా అలాగే తలూపేవారు. అప్పుడే నాకు గుండెల్లో రాయి పడింది.

రాకెట్లన్నీ అటకెక్కాయి. ఆ తర్వాత మా ఇంట్లో మాటల్లేవు. టీవీ పెట్టుకుని సౌండు తీసేసి కూర్చునేవారు. అప్పటికే ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం వచ్చేసింది. మ్యాచ్ ఉన్న రోజు అరుపులు మా వంటింట్లోకి వినబడేవి. ఆయన లేచి కిటికీ మూసేవారు. సందు చివర మంగలి షాపులో ఎవరో "సార్, మీరు క్రికెట్ కోచంట గదా?" అని అడిగితే ఆ వారమంతా గడ్డం గీయించుకోలేదు. ఈ మనిషి ఇలాగే ఎండిపోతాడేమో అని నాలో నేనే ఏడ్చుకునేదాన్ని.

అలాంటి మనిషి ఒక రోజు పొద్దున్నే సంచీ తీసుకుని "కూరగాయలు తెస్తాను" అన్నారు. సంతోషించాను. మర్నాడూ వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు. అప్పుడు సంతోషం పోయి అనుమానం వచ్చింది.

ఎందుకు రాదు? ఈయన టమాటాలు కూడా బంతుల్లాగే ఒక్కొక్కటీ నొక్కి చూసి కొనే మనిషి. ఆయన్ని చూస్తే ఉప్పల్ మార్కెట్‌లో టమాటాలమ్మే ఆవిడ విసుక్కునేది. అలాంటాయన మెత్తబడి రసం కారే టమాటాలు తెస్తున్నారు. దారిలో తోపుడు బండి దగ్గర ఆదరాబాదరాగా కొన్నవని చూడగానే తెలుస్తోంది. పైగా ఒక పూట కూరకు రెండు గంటలా? చొక్కా ఉతకబోతే ఘాటుగా మందుల వాసన. మా సందులో ఆ వాసన లేదు. అది నాచారం ఫ్యాక్టరీల వాసన, గాలి ఇటు తిరిగినప్పుడు మా కాలనీ అంతా ముక్కు మూసుకునే వాసన. నాచారంలో ఈయనకేం పని?

ముందు భుజం మీద అనుమానం పడ్డాను. దొంగతనంగా ఎక్కడో ఆడుతున్నారు, చెయ్యి పోగొట్టుకుంటారు, అంతే. స్టూలేసుకుని అటక మీద చూశాను. రాకెట్లన్నీ దుమ్ము పట్టి అక్కడే ఉన్నాయి. నూనె రాస్తానని వంక పెట్టి రోజూ కుడి భుజం తడిమి చూశాను. వాపు లేదు, వేడి లేదు, నొక్కితే "అబ్బా" కూడా అనలేదు. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేదు. ఆడటం లేదంటే మరి చేస్తున్నదేమిటి? ఎడమ అరచేతిలో బొబ్బలు కనబడి అడిగితే "సంచీ బరువు" అన్నారు. పావుకిలో బెండకాయల బరువుకు బొబ్బలా! అన్నప్పుడు ఆయన చేతిని చూడలేదు, నన్ను చూశారు. నా దగ్గరా ఈ పప్పులుడికేది?

పక్కింటావిడకు చెప్పుకుంటే ఆవిడ అగ్నికి ఆజ్యం పోసింది. "మగోల్లు గిట్ల పొద్దుగాల సంచి వట్టుకోని పోతున్నరంటే జర సూస్కోవాలె వదినా. మా మరిది గూడ గట్లనే పాలకు వోతుండె" అని ఆగింది. ఆ మరిది కథ ఏమైందో నేనడగలేదు. అడగకపోవడమే తప్పయింది, రాత్రంతా నేనే అల్లుకున్నాను.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఆ వారంలోనే ఒక రోజు బంద్ పిలుపు వచ్చింది. బస్సులు డిపో దాటలేదు, ఆటోలు లేవు, మార్కెట్ మొత్తం షట్టర్లు దించేసింది. మాలాంటి కోస్తా వాళ్ళం అలాంటి రోజున పని లేకుండా గడప దాటేవాళ్ళం కాదు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, అయినా ఏదో బెరుకు. ఆ రోజు పొద్దున్నే ఈయన సంచీ తీశారు.

"ఎక్కడికి?" అన్నాను.

"కూరగాయలకి."

"బంద్ రోజు కూరగాయలా?"

"ఎవరో ఒకరు అమ్మకపోతారా?" అన్నారు, నా మొహంలోకి చూస్తూ.

చాలు, అనుకున్నాను. చెప్పులేసుకుని వెనకాలే బయలుదేరాను. రోజూ అయితే మెట్రో పిల్లర్ల తవ్వకాల దుమ్ములో, ఆ ట్రాఫిక్‌లో మనిషిని వెంబడించడం నా తరమా? ఆ రోజు రోడ్డంతా ఖాళీ. దాక్కోవడానికీ ఏమీ లేదు. కొంగు తల మీదుగా కప్పుకుని, మూసిన షాపుల అరుగులు పట్టుకుని నడిచాను. ఆయన మెయిన్ రోడ్డు వదిలి చిలకానగర్ గల్లీల్లోకి తిరిగారు. ఒక్కసారీ వెనక్కి చూడలేదు. అవతలివాడి భుజం కదలికను బట్టి బంతి ఎటొస్తుందో చెప్పే మనిషి, వెనకాల పెళ్ళాం వస్తోందని కనిపెట్టలేకపోయారు. అంత మునిగిపోయి పోతున్నారు! ఏ ఇంటి ముందు ఆగుతారో, ఏ తలుపు తెరుచుకుంటుందో అని ప్రతి గడపా చూసుకుంటూ నడిచాను.

నాచారంలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ వెనక సందులోకి మలుపు తిరిగారు. గేటు దగ్గర చిన్న గది, బయట కుర్చీలో ఒక వాచ్‌మన్. ఆయన ఆ గదిలోకి వెళ్ళి, ఎక్కడ సంపాదించారో, పాత రాకెట్ ఒకటి, రెండు బంతులు పట్టుకొచ్చి గోడ ముందు నిలబడ్డారు. అయిపోయింది, చెయ్యి పోయింది అనుకున్నాను. అరవబోయాను కూడా.

అప్పుడు చూశాను. రాకెట్ ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి ఒంటికి ఆనించి కదలకుండా ఉంది.

బంతిని నేల మీద వదిలి ఎడమచేత్తో కొట్టారు. అది రాకెట్ అంచుకు తగిలి పక్కనున్న మురిక్కాలవలో పడింది. పరుగెత్తి తెచ్చుకున్నారు. మళ్ళీ కొట్టారు, గోడకు తగిలి తిరిగొచ్చింది గానీ ఈయన కాళ్ళు తప్పు వైపుకి కదిలాయి. మూడోది అసలు తగల్లేదు. దేశంలోని గోడలన్నీ ఆయనకు బంతిని తిరిగిచ్చినవే. ఈ గోడ ముందు ఆయన అప్పుడే నడక నేర్చుకునే పిల్లాడిలా ఉన్నారు.

వాచ్‌మన్ నన్ను చూసి లేచాడు. "ఎవరు గావాలె అమ్మా?"

"ఏం లేదన్నా. ఆయనెవరు?"

"గా సారా? ఎవరో ఏమో. కొత్తగ నేర్సుకుంటుండు పాపం. అస్సల్ చేతగాదు. గీ వయసుల ఎందుకు సారూ గీ తిప్పలు అన్న. ఇనడు. ఎండ గానీ వాన గానీ రోజు వస్తడు."

నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏమయ్యా, ఆయనెవరో తెలుసా నీకు అని. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది, ఆ వాచ్‌మన్ కుర్చీని తన్నాలనిపించింది. అంతలోనే అర్థమైంది. ఉప్పల్‌లో తెలిసినవాళ్ళకు ఆయనొక ఛాంపియన్. ఛాంపియన్ అలా మురిక్కాలవలో బంతులు ఏరుకుంటుంటే జనం చూడకూడదు, ముఖ్యంగా నేను చూడకూడదు. ఆయనెవరో తెలియని ఈ మనిషి ముందైతే ఎంత చెడ్డగా ఆడినా ఫర్వాలేదు. అందుకే ఇంత దూరం నడిచొస్తున్నారు. నోరు మూసుకున్నాను.

ఈసారి బంతి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరకొచ్చి ఆగితే వంగి తీశాను. దాని కోసం వచ్చిన మనిషి నన్ను చూసి నిలబడిపోయారు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తర్వాత ఆయన భుజాన ఉన్న కూరగాయల సంచీతోనే మొహం తుడుచుకుని అడిగారు.

"ఎట్లా ఆడుతున్నాను?"

బాగా ఆడుతున్నారండీ అని ఎప్పటిలాగే నోట్లోకి వచ్చింది. మింగేశాను.

"చండాలంగా ఉంది" అన్నాను. "సందులో పిల్లలు నయం."

ఆయన నా మొహంలోకి చూశారు, గీత దగ్గర బంతి పడిన చోటును చూసినట్టు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఆ నవ్వు నేను వినలేదు. నా చేతిలోంచి బంతి తీసుకుని గోడ వైపు తిరిగారు.

పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా మాట నమ్మడం అదే మొదటిసారి.