ఫర్నేస్‌లో వేసిన కొసరు

పాతపట్నంలో మా నాన్నది కిరాణా కొట్టు. తూకం సరిపోయాక కూడా పొట్లంలో ఇంత కొసరు వెయ్యకపోతే ఆయన చెయ్యి ఊరుకోదు. నాకూ అదే చెయ్యి వచ్చింది. దాంతో నా ఎం.టెక్. కొంప మునిగినంత పనైంది.

విజయనగరంలో చదువుతున్నాను. కరిగిన అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి పోసిన కడ్డీలు నా దగ్గర నాలుగే ఉన్నాయి. వారంలో రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇంకో ఆర్నెల్లు అదే హాస్టల్ సాంబారు. పని చెప్పుకోవడానికి సులువే. కడ్డీని బాగా కాల్చి నీళ్లలో ముంచాలి. అప్పటికది మెత్తగానే ఉంటుంది. తర్వాత ఫర్నేస్‌లో, అంటే కరెంటు కొలిమిలో, తక్కువ వేడిలో ఆరు గంటలు ఉంచితే గట్టిపడుతుంది.

పొద్దున్నే రెండు కడ్డీలు కాల్చి, ముంచి, ఫర్నేస్‌లో పెట్టాను. ఆరు గంటలయ్యాక తీయబోయి, ఇంకాస్త వేడి తగిలితే ఇంకాస్త బలం వస్తుంది కదా అనిపించింది. నాలుగు గంటలు కొసరు వేశాను. మర్నాడు బలం కొలిచే మిషన్‌లో పెట్టి లాగితే రెండూ అనుకున్నదానికంటే ముందే తెగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎన్ని గంటలుంచావమ్మా?" అన్నారు మా గైడ్ సార్.

"పది, సార్."

"ఆరన్నాను కదా. మిగతా నాలుగూ ఏటి?"

"కొసరు, సార్."

ఆయన తెగిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు. "ఆ వేడికి లోపల సన్నటి రేణువులు పుడతాయి. బలమంతా వాటిదే. ఎక్కువసేపుంచితే ఒకదాంట్లో ఒకటి కలిసి లావైపోతాయి, పట్టు పోతాది. ఇంకా రెండున్నాయి కదా, ఎల్లు. ఆ తెగినవీ రిపోర్టులో రాయి."

వాటిని దాచేద్దామనే అనుకున్నాను, సిగ్గేసి.

ఈసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని ఫర్నేస్ ముందే కూర్చున్నాను. సరిగ్గా ఆరు గంటలు కాగానే తీసేస్తుంటే ఎవరికో తక్కువ తూచినట్టు మనసు పీకింది. కానీ మర్నాడు లాగి చూస్తే ఆ రెండు కడ్డీలూ ఎంతకీ తెగలేదు. మిషన్ మీద అంకె పెరుగుతుంటే గంతులేశాను.

తెగినవి కూడా రాసి రిపోర్టు ఇచ్చేసి ఇంటికెళ్లి, కొట్లో బెల్లం తూస్తున్న నాన్నకు అంతా చెప్పాను. కొసరు ముక్క పట్టుకున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"అయితే ఆ తెగిపోయినవి దండగేనేటి?"

"కాదు నాన్నా. అవి లేకపోతే ఆరు గంటలే సరైనవని ఎవరూ నమ్మరు."

"మరింకేటి," అని ఆయన ఆ ముక్క పొట్లంలో వేసేశారు.