మెహబూబ్ బీ పొయ్యనన్న కషాయం

వన్‌టౌన్‌లో షిప్పింగ్ ఆఫీసుల వీధిలో మెహబూబ్ బీ బండి దగ్గర పాల టీ దొరికేది కాదు. డెబ్బై ఆరులో ఆవిడ బండి పెట్టినప్పుడు అందరూ నవ్వారు. గుమాస్తాలు తిరిగే చోట ధనియాల నీళ్ళు ఎవరు తాగుతారన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. తండ్రి మూలికల కొట్టులో పెరిగిన మనిషి. పొద్దున్నుంచి టీల మీద టీలు తాగి, మూడింటికి అన్నం తినే కుర్రాళ్ళ కడుపు ఎలా మండుతుందో ఆవిడకి తెలుసు.

ధనియాలూ జీలకర్రా దోరగా వేయించి, దంచి, మరిగించి, చిన్న బెల్లం ముక్క వేసి ఇచ్చేది. పొట్ట ఉబ్బరించినవాడికి వాము నీళ్ళు. జలుబు చేసినవాడికి అల్లం, మిరియాలు, తులసి. "రాత్రి ఏటి తిన్నావు బాబూ?" అని అడిగాకే గ్లాసు అందుకునేది. రెండేళ్ళు తిరిగేసరికి పదకొండయితే చాలు, బండి చుట్టూ జనం.

వాళ్ళలో త్రినాథరావు ఒకడు. పెందుర్తి నుంచి బస్సులో వచ్చే టైపిస్టు, ఇరవై మూడేళ్ళవాడు. దగ్గంటే రెండు వారాలు మిరియాల కషాయం పోసింది. మూడో వారం గ్లాసు తియ్యలేదు.

"సాయంత్రం ఒళ్ళు వెచ్చబడతందా?"

అతను తల దించుకున్నాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది.

"అయితే నాను పొయ్యను. ఛాతీ ఆసుపత్రికెళ్ళి ఎక్సరే తీయించుకో."

పక్కనున్న ఇద్దరు కొంచెం దూరం జరిగారు. త్రినాథరావు మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. బండి దగ్గర సగం మందే ఉన్నారు. వచ్చినవాళ్ళు గ్లాసులకేసి అనుమానంగా చూస్తుంటే, ఆవిడ గ్లాసులన్నీ వాళ్ళ ఎదురుగానే సలసల కాగే నీళ్ళలో వేసింది. గిరాకీ పోవడం కన్నా ఆ కుర్రాడు ఆసుపత్రికి వెళ్ళకపోవడమే పెద్ద నష్టమని ఆవిడకి తెలుసు. మధ్యాహ్నం బండి ఆడబిడ్డ జన్నత్ బీకి అప్పగించి, త్రినాథరావు ఆఫీసు మెట్ల దగ్గర నిలబడింది.

అతను కిందికి రాగానే పక్కకి పిలిచింది. "అందరి ముందూ అనడం నా తప్పు. అన్న మాట తప్పు కాదు. పద, నానూ వత్తాను."

బస్సులో అతను మెల్లగా అడిగాడు. "మీ కషాయానికి తగ్గదా బీబమ్మగారూ?"

"జలుబుకి తగ్గుతాది. అరక్కపోతే పని సేత్తాది. దీనికి సెయ్యదు. తెలిసీ పోత్తే నిన్ను ముంచినట్టే."

ఎక్సరేలో క్షయ అని తేలింది. ఏడాదిన్నర సూదులూ మాత్రలూ వాడాలన్నారు. నాలుగు నెలలకే ఒంటికి కాస్త బలమొచ్చి, మాత్రలు మానేద్దామనుకున్నాడు. మెహబూబ్ బీ ఒప్పుకోలేదు. రోజూ బండి దగ్గరికొచ్చి తన కళ్ళ ముందే వేసుకోమంది. అతను విసుక్కున్నాడు గానీ మానలేదు.

ఎనభైలో డాక్టరు ఇక మందులు అక్కర్లేదన్నాడు. ఆ పాటికి పోయిన గిరాకీ అంతా తిరిగొచ్చింది. ఈవిడ పొయ్యనందంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందేనని ఆ వీధిలో పేరు పడింది.

త్రినాథరావుకి ఒళ్ళొచ్చింది. తిన్నాక భుక్తాయాసంగా ఉంటోందని ఓరోజు మొహమాటంగా చెప్పాడు. ఆవిడ వాము నీళ్ళు పోసి, హార్బరు గేటు వైపు చెయ్యి చూపించింది.

"తాగేసి అక్కడిదాకా నడిసి రా. నా నీళ్ళకన్నా అదే ఎక్కువ పని సేత్తాది."