జర్మనీ వాల్వూ, నాటు వాల్వూ

గవర్నర్‌పేటలో బాలశౌరి కొట్టెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. వాల్వుల బాలశౌరి అనండి, సోడాబండి మనిషి కూడా చెయ్యి చాపి చూపిస్తాడు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మైకుసెట్లు అద్దెకివ్వడం, మూగబోయిన రేడియోల చేత మళ్ళీ మాట్లాడించడం ఆయన బతుకుతెరువు. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఇంకా ఈ గాజుబుడ్లెందుకయ్యా అని ఎవరైనా అన్నారా, వాళ్ళ పని అయిందే. ట్రాన్సిస్టరు మాట్లాడుతుంది, వాల్వు పాడుతుంది, ఆ తేడా తెలియని చెవులకి జూకాలెందుకు, దుద్దులెందుకు అని దులిపేసేవాడు. చర్చిలో ఆదివారం పూజలో కూడా ఆయన ధ్యాస ప్రసంగం మీద ఉండేది కాదు, మైకులో సన్నగా వినపడే గుర్రు మీద ఉండేది. ఫాదర్‌గారు ఇవాళ ఏం చెప్పారని భార్య అమలమ్మ అడిగితే, రెండో వాల్వు ఎక్కువ రోజులు ఉండదని చెప్పి కంచం ముందు కూర్చునేవాడు.

అలాంటి మనిషికి డెబ్బై నాలుగులో పెద్ద పరీక్షే వచ్చింది. కూతురు మార్త కాన్వెంటులో ఒక సిస్టరుగారి దగ్గర గిటారు నేర్చుకుంది. గుణదల తిరునాళ్ళలో, పాటల బృందంతో కలిసి, మాత ఎదుట వాయించాలని ఆ పిల్ల ఆశ. బృందాన్ని నడిపే శౌరయ్య మాస్టారు హార్మోనియం మనిషి. గిటారంటే ఆయనకి సినిమా వాసన. అయినా పిల్ల ముఖం చూసి కాదనలేక ఒక షరతు పెట్టారు. తిరునాళ్ళకి ముందు ఆదివారం తన ఇంటి వసారాలో అందరి ముందూ వాయించాలి. గిటారుకి తగిలించే మైకుపెట్టె ఒక్కసారి కీచుమన్నా, గిటారు ఇంటికి పోతుంది. ఇన్నేళ్ళుగా మాతకి హార్మోనియం సరిపోయింది, ఇంకో ఏడు సరిపోకపోదు అన్నారు.

తబలా, హార్మోనియం, అంతమంది గొంతులు. వాటి మధ్య ఉత్త గిటారు మోగితే పక్కవాడికి కూడా వినపడదు. అందుకని బాలశౌరి పాత మైకుసెట్టొకటి విప్పి, టేకు పెట్టెలో కూర్చి గిటారు ఆంప్లిఫయరు తయారుచేశాడు. అందులో వరసగా వాల్వులుంటాయి. గిటారు తీగ చప్పుడు ముందుగా వెళ్ళేది మొదటి వాల్వులోకే. అది కాస్త పెంచితే మిగతావి ఇంకా పెంచుతాయి. అది మంచి చేస్తే మంచే పెరుగుతుంది, తప్పు చేస్తే తప్పే పెరుగుతుంది. ఇంటికి పెద్ద కోడల్లాంటిదే ఇది, జాగ్రత్తగా చూసి తెచ్చుకోవాలి అని అమలమ్మకి చెబితే, ఆవిడ అత్తగారి ఫొటో వైపు ఓ చూపు చూసి ఊరుకుంది.

ఆ మొదటి చోటుకి ఆయన దగ్గర రెండు వాల్వులున్నాయి. ఒకటి పటమటలో ఓ డాక్టరుగారి పాత రేడియోలోంచి తీసిన జర్మనీ వాల్వు. దాన్ని దూదిలో చుట్టి, అగరొత్తుల డబ్బాలో దాచాడు. రెండోది మన దేశంలోనే చేసిన కొత్తది. దానికి ఆయన నాటు వాల్వని పేరు పెట్టాడు. పొరుగింటి పుల్లకూర రుచెక్కువని ఊరికే అనలేదు పెద్దలు.

అయినా న్యాయం న్యాయమే అనుకుని రెండింటినీ పోల్చి చూడటానికి పూనుకున్నాడు. మార్త రెండుసార్లూ అదే పాట, అదే చేత్తో, అదే ఊపుతో వాయించాలి. అమలమ్మ వంటింట్లోంచి, ఏ వాల్వో తెలియకుండా, బాగుందో లేదో చెప్పాలి. జర్మనీ వాల్వుని సాయంత్రం పూట, కొట్టు కట్టేసి స్నానం చేసి, తాపీగా కుర్చీ వేసుకుని విన్నాడు. స్వరం పాకంలా మెత్తగా సాగింది. అమలమ్మ కూడా బాగుందనే అంది. కొత్తదాన్ని మర్నాడు పొద్దున, కొట్టుకి టైమవుతున్న హడావిడిలో, ఒక కాలు చెప్పులో పెట్టుకుని విన్నాడు. ఇష్టంలేని సంబంధం చూడ్డానికి మిట్టమధ్యాహ్నం ఎండలో బయల్దేరినట్టు ఉంది ఆ వినడం. స్వరం గీపెట్టినట్టు వచ్చింది. అమలమ్మ చెవులు మూసుకుంది. మార్త ఏదో అనబోయింది గానీ ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు. ఇంకేముంది, ఆ వారమంతా గవర్నర్‌పేట జనానికి జర్మనీ వాల్వు పురాణమే.

ఆదివారం పొద్దున గుణదలలో మాస్టారి వసారా నిండా జనం. బాలశౌరి పెట్టె దింపి, తీగలు కలిపి, వాల్వులు వేడెక్కేదాకా జర్మనీ వాడి పనితనం గురించి తబలా వాయించే జాన్‌బాబుకి చెప్పాడు. పాట మొదలైంది. రెండు చరణాలు బాగానే నడిచాయి. జాన్‌బాబు తబలా మీద గట్టిగా ఒక దెబ్బ వేసేసరికి పెట్టెలోంచి 'కూ' అని కూత వచ్చింది. ఆ కూత ఆగలేదు, పెరిగింది. బెజవాడ స్టేషన్లో ఇంజను కూడా అంత దీక్షగా కుయ్యదు. పిల్లలు పకపకా నవ్వారు. మాస్టారు హార్మోనియం తిత్తి మూసేశారు. మార్త తల వంచుకుని గిటారు తీగల మీద చెయ్యి పెట్టింది.

 బాలశౌరి స్విచ్చి తియ్యడానికి గోడ వైపు తిరిగాడు. పైన బల్బు వెలుగుతోంది. పట్టపగలు కూడా చూడలేనంత తెల్లగా వెలుగుతోంది. తన ఇంట్లో సాయంత్రాలు ఇలాంటి బల్బే మగ్గిన పండులా ఎర్రగా వేలాడుతుంది. ఊరంతా దీపాలు వేసే వేళకి కరెంటు సగం చచ్చి ఉంటుందన్నది బెజవాడలో పుట్టినవాడెవడికి తెలియదు? ఆ నీరసపు కరెంటులో జర్మనీ వాల్వు మెత్తగా పాడిందంటే అది దాని గొప్పతనం కాదు, కరెంటు నీరసం. నిండు కరెంటు ఇస్తే ఆ ముసలిది, ఏ చప్పుడు తగిలినా కూతేస్తోంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వారం రోజులు ఊరంతా టముకు వేసుకున్నాడు తను. 

"కొత్తది వెయ్యి నాన్నా," అంది మార్త పక్కకొచ్చి, మెల్లగా.

అది గీపెడుతుందమ్మా, నువ్వే విన్నావుగా అన్నాడాయన దిగులుగా.

"అది గీపెట్టలేదు నాన్నా, నేనే గీపెట్టించాను. సాయంత్రాలు కరెంటు చాలక చప్పుడు రాదని గట్టిగా మీటీ మీటీ చెయ్యి అలవాటు పడిపోయింది. పొద్దున నిండు కరెంటులో కూడా అదే చేత్తో మీటమన్నావు. మెల్లగా మీటితే అది మెల్లగానే పలుకుతుంది. నా వేళ్ళకి తెలుసు. నువ్వు అమ్మని అడిగావు, నన్ను అడగలేదుగా."

 నిజమే. వాయించేది ఈ పిల్ల. ఆమెని తప్ప అందరినీ అడిగాడు. బాలశౌరి మాస్టారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని, తప్పు పెట్టెది కాదండీ, గిటారుదీ కాదు, పోల్చడం చేతకాని నాది, ఇంకొక్క పాటకి సెలవిప్పించండి అని అందరూ వినేలా అడిగాడు. తప్పు తనదని బాలశౌరి నోటివెంట అక్కడివాళ్ళు విన్నది అదే మొదటిసారి. మాస్టారు కాసేపు మీసం సవరించుకుని, సరే కానివ్వమన్నారు.

ఎందుకైనా మంచిదని జేబులో వేసుకొచ్చిన నాటు వాల్వుని తీసి పెట్టెలో బిగించాడు. మార్త ఈసారి తీగల్ని తట్టినట్టు కాక, తడిమినట్టు మీటింది. జాన్‌బాబు భయపడుతూనే తబలా వాయించాడు. పెట్టె నోరెత్తలేదు. గిటారు ఒక్కటే పలికింది. రెండో చరణానికి మాస్టారి వేళ్ళు వాటంతటవే హార్మోనియం మీదికి వచ్చాయి.

తిరునాళ్ళ మొదటి రోజు పొద్దున, కొండ కింద ఇసకవేస్తే రాలనంత జనం. మైకులన్నిటి వెనకా బాలశౌరి నిలబడ్డాడు. మార్త గిటారు జనం తలల మీదుగా సాగుతుంటే, అమలమ్మ మోచేత్తో పొడిచి, ఏడుస్తున్నారేంటండీ, కళ్ళు తుడుచుకోండి అంది. పూజ అయ్యాక మాస్టారు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన భుజం పట్టుకున్నారు.

"అంత బాగా పలికిందేమిటోయ్, చివరికి ఏ వాల్వేశావు?"

"వాల్వు కాదు మాస్టారూ, మా అమ్మాయి," అన్నాడు బాలశౌరి.