ఎనిమిది వాట్ల బయ్యన్న

గార్లదిన్నె దగ్గరి పల్లెలో బయ్యన్నకు పదెకరాల వేరుశనగ చేను, పదకొండు ఎండిన బోర్లు, నాలుగు సౌండు బాక్సులు ఉన్నాయి. కరువొచ్చినా దిగుబడి తగ్గనిది బాక్సుల మోత ఒక్కటే.

వీధి ఆ చివర ఇల్లు ఆయన బావమరిది హనుమంతరాయుడిది. ఏడేళ్ల కిందట అతని కూతురి పెళ్లిలో "నీ బాక్సులు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుండాయి కదప్పా" అని బయ్యన్న నోరు జారాడు. అంతే, బావమరిది ఈ గడప తొక్కడం మానేశాడు. అప్పట్నుంచి ఈయన ఐదొందల వాట్లు పెడితే అతను వెయ్యి పెట్టడం, మధ్య ఇళ్లవాళ్లు చెవుల్లో దూది పెట్టుకోవడం. మహా పౌరుషవంతులు ఇద్దరూ. తమ్ముడు రాని పండగలకు వండి వడ్డిస్తూ కుమిలింది మాత్రం బయ్యన్న భార్య లక్ష్మీదేవమ్మ.

ఈ ఏడు బయ్యన్న ఫోన్‌లో, పాతకాలం రేడియోల్లో బల్బుల్లా వెలిగే గాజు వాల్వులుండే ఆంప్లిఫైయర్ చూశాడు. బావమరిది దగ్గర లేని వస్తువు ఒకటుందని తెలిశాక నిద్ర పడుతుందా? భార్యను వెంటబెట్టుకుని అనంతపురంలో రేడియో మెకానిక్ యేసన్న అంగడికి పోయాడు.

"వాల్వులది, రెండు వేల వాట్లది చెయ్యప్పా."

"అట్లయితే మీ ఇంటికే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నా. ఇంట్లో వినే స్పీకర్లే కదా? మామూలుగా వింటే ఒక వాట్ గూడా ఖర్చు గాదు. ఎనిమిది వాట్లది తీసుకో, మిగుల్తాది. మోత రెండింతలు కావాలంటే వాట్లు పదింతలు పొయ్యాల. ఎందుకంత తిప్పలు?"

"ఎనిమిదా! మా వసారాలో బల్బే తొమ్మిది వాట్లుండాది కదప్పా!"

లక్ష్మీదేవమ్మ మెల్లగా అడిగింది. "వీధి చివరికి వినపడ్తాదా నాయనా?"

"యాడమ్మా! గదిలో కూర్చున్నోళ్లకే."

ఆమెకు తమ్ముడి సంగతి తెలుసు. మోత వస్తే పోటీకి దిగుతాడు; రాకపోతే ఏమైందో చూడక ఉండలేడు. "పెద్దపెద్ద దొరలంతా ఇట్లాంటిదే పెట్టుకుంటారంట" అని మొగుడి చెవిలో వేసింది. వాల్వులు ఎర్రగా వెలగగానే ఆ దొరల్లో బయ్యన్న కూడా చేరిపోయాడు.

కొత్త మిషన్ వచ్చిందని ఊరంతా చాటింపు వేసుకున్నది ఆయనే. హనుమంతరాయుడు మూడు రోజులు చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు. నాలుగోరోజు పొద్దున్నే నవ్వుకుంటూ లోపలికే వచ్చేశాడు.

"ఏం బావా, నీ మిషన్ మూగదా?"

బయ్యన్న ఉడుక్కుంటూ పాట పెట్టాడు. హనుమంతరాయుడు నిలబడే విన్నాడు, తర్వాత కూర్చున్నాడు. "ఏమప్పా ఇది! పాడేటోడు ఊపిరి పీల్చేది గూడా వినపడ్తాండాదే!" లక్ష్మీదేవమ్మ కాఫీ ఇచ్చింది. అతను తలెత్తి అక్క ముఖంలోకి చూశాడు.

"తలంతా నెరిసిపోయిందేమక్కా? మోకాలి నొప్పులు తగ్గినాయా?"

తన మిషన్ పాడుతుంటే మధ్యలో మాటలా? బయ్యన్న మోత పెంచబోయాడు. లక్ష్మీదేవమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పెంచొద్దు. వాడు మాట్లాడతాండాడు, నన్ను విననీ."