చివరి బండి సువార్తక్క

మొన్న మహబూబాబాద్‌లో పంక్చరు షాపు ముందు కారు ఆపాను. టైర్లలో గాలి ఎక్కువైందని షాపతను వాల్వు నొక్కాడు. సుయ్‌మని గాలి బయటికొచ్చింది, వేడి రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. అంతే, నా కళ్లు నిండిపోయాయి. "ఏమైందక్కా, పానం మంచిగ లేదా?" అని అతను పరేషానయ్యాడు. ఏమని చెప్పను? టైర్లలోంచి గాలి తీయడం నాకు నేర్పిన మనిషి పోయి ఇంకా నెల కూడా నిండలేదని నడి బజార్లో నిలబడి ఎవరికి చెప్పుకుంటాం? "కంట్ల దుమ్ము పడ్డది తమ్మీ" అని తప్పించుకున్నాను.

ఆమె పేరు సువార్త. భూపాలపల్లి ఆడబిడ్డ, బొగ్గుబావి కార్మికుడి కూతురు. ఒమన్‌లో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో నేను నర్సుగా చేరినప్పుడు మా వార్డుకు ఆమే ఇన్‌ఛార్జి. నేను జనగామలో పుట్టి, మహబూబాబాద్‌కు కోడలిగా వచ్చినదాన్ని. చేరిన కొత్తలో నేను నోరు విప్పగానే తోటి తెలుగు నర్సు ఒకామె, "అబ్బా, నీ మాట సినిమాలో కామెడీలా ఉందండీ" అని పకపకా నవ్వింది. వెనక నుంచి సువార్తక్క గొంతు వినిపించింది. "నవ్వుడు అయిపోయిందా? అయిపోతే పో, మూడో బెడ్డు సెలైన్ అయిపోయింది, గది సూడు." పరాయి దేశంలో 'అది' అనకుండా మా వైపు లాగా 'గది' అన్న మాట వినగానే నా ప్రాణం లేచివచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క, నేను ఆమెకు చెల్లె.

నేను దేశం ఎందుకు దాటానో చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. మా ఆయన కురవి నుంచి మోటారు సైకిలు మీద ఇంటికి వస్తుంటే లారీ గుద్ది వెళ్లిపోయింది. పడ్డ తర్వాత చాలాసేపు ఆయనకు ప్రాణం ఉంది. పట్టపగలు. ఆ రోడ్డు మీద కార్లు పోతూనే ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. చేను నుంచి వస్తున్న ఒక ముసలాయన చూసి కేకలు వేసేదాకా ఆయన అక్కడే పడి ఉన్నాడు. ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడని డాక్టరు అన్నాడు. ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది. అప్పటి నుంచి కారంటే నాకు భయం, భయం కన్నా ఎక్కువ అసహ్యం. ముందు సీట్లో కూర్చునేదాన్నే కాదు. ఇల్లు గడవడానికి, కూతురు నిత్యను జనగామలో అమ్మ దగ్గర వదిలి ఒమన్ వెళ్లాను. మా హాస్టల్లో పిల్లలను ఉండనివ్వరు. అది ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "అమ్మా, నన్నెప్పుడు తోల్కపోతవే?"

ఒకరోజు టీ తాగుతూ అక్క అంది. "లోపలి ఊళ్లె హెల్త్ సెంటర్ల జాగ ఖాళీ అయితంది. క్వార్టర్ ఇస్తరు, బిడ్డను తెచ్చుకోవచ్చు. కని బండి నడుపుకుంట పోవాలె, లైసెన్స్ కావాలె."

"నాతోని కాదక్కా."

"కాకపోతే ఊకో. నీ బిడ్డ ఫోన్లనే పెరుగుతది."

పుండు మీద కారం చల్లినట్టయింది. రెండు రోజులు ఆమెను చూస్తే ముఖం తిప్పుకున్నాను. అక్క మాత్రం ఏమీ జరగనట్టే వచ్చి, "శుక్రవారం పొద్దుగాల తయారుండు. నీకు కొందరు పిచ్చోళ్లను సూపిస్త" అంది.

నిజంగానే పిచ్చోళ్లు, సెలవు రోజు జీపులేసుకొని ఎడారిలో తిరిగే పిచ్చి. పెట్రోలు బంకు వెనక పాత జీపులు వరుసగా నిలబెట్టి, బానెట్లు ఎత్తి, తలలు లోపల పెట్టి చూసుకుంటున్నారు, అంగట్లో ఎడ్ల పళ్లు పట్టి చూసే బేరగాళ్లలాగా. ఒకడు ఇంజను స్టార్టు చేస్తే ఇంకొకడు కళ్లు మూసుకొని వింటాడు. ఆ దేశపు చేపల వ్యాపారి, కేరళ అకౌంటెంటు, పాకిస్తాన్ మెకానిక్కు, అందరికీ పెద్దగా సాలిం అనే బడిపంతులు. వాళ్లందరి మధ్య యాభై దాటిన మా సువార్తక్క, చున్నీ నడుముకు బిగించి తన గోధుమరంగు జీపు కింద దూరి ఏదో బిగిస్తోంది. నాకు నవ్వూ వచ్చింది, ఈర్ష్యా వచ్చింది.

ఇసుక మొదలయ్యే చోట అందరూ దిగి టైర్లలో గాలి తీశారు. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరుచుకుంటుందని, గట్టి టైరు ఇసుకలో దిగబడుతుందని అక్క చెప్పింది. తర్వాత బండ్లు వరుస కట్టాయి. సాలిం ముందు, అక్క అందరికన్నా వెనక, అక్క బండిలో నేను. అందరిలోకీ బాగా నడిపేది అక్కేనని అప్పటికే నలుగురి నోట విన్నాను.

"మరి నువ్వు ముంగటుండాలె గదక్కా?"

"ముంగటోనికి తొవ్వ తెలిస్తె సాలు. ఎన్కున్నోళ్లు అందర్ని సూస్కోవాలె. ఎవని బండి దిగబడ్డా అది లేసేదాక ఒక్కరు కదల్రు. ఏరు దాటెదాక ఓడమల్లన్న, దాటినంక బోడమల్లన్న అనెటోళ్లకు గీడ జాగ లేదు."

కాసేపటికి ఇసుక దిబ్బ మీద అకౌంటెంటు జీపు దిగబడింది. వరుస మొత్తం ఆగిపోయింది. ఎవరూ పిలవకుండానే పారలు పట్టుకొని ఎండలో పరుగెత్తుకొచ్చారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా ఆయన పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు.

"గా దినం ఒక్కలు ఆగలేదక్కా, ఒక్కలంటె ఒక్కలు."

"తెల్సు చెల్లె. గందుకే నిన్ను తీస్కొచ్చిన" అంది అక్క. ఓదార్చలేదు. నన్ను ఏడవనిచ్చి, తను పార తీసుకొని దిగింది.

తర్వాతి శుక్రవారం స్టీరింగు నా చేతికిచ్చింది. అక్కడ అది ఎడమ వైపు ఉంటుంది, రోడ్డుకు కుడి పక్కన నడపాలి. మన దేశంలో నేర్చుకున్నవాళ్లకే తికమక. నాకు ముందే ఏమీ రాదు కాబట్టి మరిచిపోవాల్సిన పని లేదని అక్క ధైర్యం చెప్పింది. ధైర్యం ఒక పక్క, తిట్లు ఒక పక్క. "ఓ తల్లీ, గది క్లచ్చు, రోకలి కాదు. గట్ల దంచకు!" నేను దిగబెట్టిన ప్రతిసారీ వరుసంతా ఆగేది. సాలిం పార భుజాన వేసుకొని నవ్వుతూ వచ్చేవాడు. "మాఫీ ముష్కిల్, సిస్టర్" అనేవాడు, ఫర్వాలేదని. లైసెన్సు పరీక్షలో, నిలబెట్టిన డ్రమ్ముల మధ్య బండి వెనక్కి తీయలేక పదేపదే తప్పాను. చివరికి గట్టెక్కిన రోజు అక్క కాళ్లు మొక్కబోతే, "లేవే! బిడ్డకు టికెట్ తియ్యిపో ఫస్టు" అని కసురుకుంది. కసురుకుంటూనే కళ్లు తుడుచుకుంది.

లోపలి ఊరిలో జాగ దొరికింది. తెలిసినవాళ్ల వెంట నిత్య వచ్చింది. విమానాశ్రయంలో పరుగెత్తుకొచ్చి చుట్టేసుకుంటుందని ఎన్ని కలలు కన్నానో! అది కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇంట్లోనూ అడిగినదానికి జవాబిచ్చేది, అంతే. తీసుకురావడం ఆలస్యం చేశానని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒక శుక్రవారం దాన్ని కూడా తీసుకెళ్లాను. అక్క తన జీపు నాకిచ్చి పక్కన కూర్చుంది. చివరి బండి నేను నడపడం అదే మొదటిసారి. వెనక సీట్లో నిత్య కిటికీలోంచి చూస్తోంది. ముందు చేపల వ్యాపారి బండి దిగబడింది. అన్నీ ఆగాయి, అందరూ దిగి పరుగెత్తారు.

"అమ్మా, గీళ్లందరు గా ఒక్కాయన కోసమే ఆగిన్రా?"

"ఆగిన్రు బిడ్డా."

పారలు పట్టినవాళ్లను చూస్తూ మళ్లీ అడిగింది. "మరి బాపు పడ్డప్పుడు గీళ్లెందుకు లేరే?"

అక్క దిగి, వెనక తలుపు తీసి, దాని చెయ్యి పట్టుకుంది.

"గప్పుడు మనం లేము బిడ్డా. ఇప్పుడున్నం. దిగు, పార పట్టు."

తనకన్నా పొడుగున్న పార పట్టుకొని నిత్య ఇసుక తీసింది. బండి లేచాక అందరితో పాటు అరిచింది. నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి నా నడుము చుట్టేసుకుంది. నేను కన్న కల విమానాశ్రయంలో కాదు, అక్కడ తీరింది.

అక్క నాకన్నా ముందు మన దేశానికి తిరిగి వచ్చేసింది. కొన్నేళ్లకు నేనూ వచ్చేశాను. అక్క పోయాక, భూపాలపల్లిలో ఆమె సమాధిలో మట్టి వేసిన రోజు సాలిం ఫోన్ చేశాడు. ఒకటే ఏడుపు. నిత్య ఫోన్ పట్టుకొని అతన్ని ఓదార్చింది.

ఇప్పుడు నేను డ్యూటీకి రోజూ కురవి రోడ్డు మీదే కారు నడుపుకుంటూ పోతాను. పక్కన ఏ బండి ఆగి ఉన్నా ఆగుతాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. ఎవరో ఫోన్ మాట్లాడుకుంటూ ఉంటారు. "ఏంది మేడం, ఏం కావాలె?" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. విసుక్కునేది బతికి ఉన్న మనిషే కదా.