పొయ్యిరాళ్ల కేసు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో తార్నాకలోని మా ఇంటి మేడగదిలో ఒక విద్యార్థి అద్దెకుండేవాడు. క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. రాష్ట్రం సంగతి వస్తే అతనికీ నాకూ కుదిరేది కాదు. అయినా మా ఆవిడ పెసరట్లు వేసిన రోజు పైకి కబురు వెళ్లేది.

"ఆంటీ, తెలంగాణ వచ్చినంక గూడ ఈ అట్లు బంద్ కావద్దు" అనేవాడు.

"అప్పుడు నీకు వీసా కావాలి" అనేది మా ఆవిడ.

ఆ రోజుల్లోనే అతను ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. చేరడానికి పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే అతని మీద కేసు పడింది.

విద్యార్థులు క్యాంపస్ రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యి వెలిగించి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం ఉద్యమంలో ఒక నిరసన పద్ధతి. పొయ్యికి రాళ్లు కావాలి కాబట్టి ఇతనూ స్నేహితులూ సీతాఫల్‌మండి వైపు నుంచి తోపుడుబండి మీద రాళ్లు తెచ్చారు. పప్పు ఉడుకుతుండగా పోలీసులు దిగారు. బాష్పవాయువు వదిలారు, గుండిగలు తన్నేశారు. దాడి చేయడానికి రాళ్లు పోగేశారని కొందరి మీద కేసు రాశారు. అందులో ఇతనొకడు.

కళ్లు ఎర్రగా వాచి ఇంటికొచ్చాడు. "పప్పుకు పోపు గూడ పెట్టలే అంకుల్. రాళ్లు మూడు మూడు పెట్టి ఉన్నయి, మసిబట్టి ఉన్నయి. కాలే రాయిని ఎవడన్న చేత్తోని పట్టి ఇసురుతడా?"

మర్నాడు అతనితో పాటు స్టేషన్‌కు వెళ్లాను. గుమ్మం దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్ మా ఇద్దరి మాటా విని నవ్వాడు.

"నువ్వు ఆంధ్రాయనవు, ఈ పిలగాడు జై తెలంగాణ. ఇద్దరు ఒక్క ఆటోల వచ్చిన్రా?"

"షేర్ ఆటో అండీ" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే మాట్లాడారు. "మూడు నిఘా విభాగాలకెళ్లి మూడు రిపోర్టులు వచ్చినయి సార్. మూడిట్ల ఒక్కటే మాట ఉన్నది. ముగ్గురు తప్పు చెప్తరా?"

నేను లెక్కలు కాలేజీలో నేర్చుకోలేదు. ఆదివారాలు పాత పుస్తకాలు కొనుక్కుని, వాటితో కుస్తీపట్టి నేర్చుకున్నవే. వాటిలో నాకు బాగా పట్టుబడిన సంగతి ఒకటుంది. ముగ్గురు మనుషులు ఎవరికి వారు విడిగా చూసి ఒకే మాట చెబితే దానికి చాలా బలం ఉంటుంది. ఒకరి నోటి నుంచి ముగ్గురూ విని చెబితే మాత్రం అది ఒక మాటే.

పైగా మామూలు బట్టల్లో తిరిగే ఈ మఫ్టీ పోలీసుల సంగతి తార్నాకలో అందరికీ తెలుసు. ఏ విభాగంవాళ్లయినా చౌరస్తాలోని ఇరానీ హోటల్లోనే కూర్చునేవారు. సాయంత్రానికల్లా పైకి ఏదో ఒకటి పంపాలి. 'ఏమీ లేదు' అని రాస్తే తిట్లు. అందుకని ఒకరికి దొరికినది అందరూ పంచుకునేవారు. చాయ్ తాగుతున్న వాళ్లను విద్యార్థులే ఆటపట్టించేవారు: "సార్, ఇయ్యాల రిపోర్టు మేము రాసియ్యాల్నా?"

"ముగ్గురూ చూశారా అండీ?" అని అడిగాను.

ఆ హోటల్ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు తెలియనిది కాదు. ముగ్గురిలో ఒకాయన ఆ స్టేషన్ మనిషే. పిలిపించి మా ముందే అడిగారు. పిల్లలు రాళ్లు తీసుకెళ్తున్నారని ఆయనకు బండి యజమాని చెప్పాడట. మిగతా ఇద్దరూ ఆయన దగ్గర విన్నారట.

"లోపలికి పోయి చూడకపోయినవా?"

"గుర్తుపడతరు సార్."

"గుర్తుపడితే ఏమైతది?"

"అన్నం తినుమంటరు సార్."

హెడ్ కానిస్టేబుల్ మొహం అటు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. జీపు తీయించి క్యాంపస్‌కు వెళ్లారు. రాళ్లు ఇంకా పొయ్యిల ఆకారంలోనే ఉన్నాయి, మధ్యలో బూడిద ఉంది. రాళ్ల విషయంలో తాము పొరబడ్డామని రాసి, కేసు మూసేయమంటూ కోర్టుకు కాగితాలు పంపారు. ఉద్యోగ విచారణకూ అదే జవాబు ఇచ్చారు.

ఆ తర్వాత ఆ స్టేషన్‌లో పద్ధతి కొంత మారింది. ప్రతి కబురు పక్కనా చూసిందో విన్నదో, విన్నదైతే ఎవరి దగ్గరో రాయాలి. ఏమీ లేని రోజు ఏమీ లేదని రాయవచ్చు, దానికి తిట్లు ఉండవు. తర్వాతి వంటావార్పుకు ముందుగా విద్యార్థులకే ఫోన్ చేసి ఏమేం తెస్తున్నారో అడిగారు.

పెద్ద నిఘా వైఫల్యాలు జరిగినప్పుడు ప్రభుత్వాలు కమిటీ వేస్తాయి, ఒక అధికారిని బదిలీ చేస్తాయి, ఇంకొంత మందిని నియమిస్తాయి. మనుషుల్ని పెంచితే ఇరానీ హోటల్లో అదే బల్ల చుట్టూ కుర్చీలు పెరుగుతాయంతే. కబురు ఎక్కడ పుట్టిందో అడగాలి. నిజం చెప్పినవాడికి, ఆ నిజం ఎంత చప్పగా ఉన్నా, భయం లేకుండా చూడాలి. తప్పు తేలితే ఆ శాఖతో సంబంధం లేని బయటివాళ్లు పరిశీలించాలి. అన్నిటికంటే ముందు, ఆ తప్పు వల్ల నష్టపోయిన మనిషి పేరు మీది మచ్చ తుడవాలి. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. ఒక ఇన్‌స్పెక్టర్ తన పరిధిలో కొంతైనా చేయగా చూశాను కాబట్టి, ప్రభుత్వానికీ సాధ్యమేనని నమ్ముతున్నాను.

నియామక ఉత్తర్వు వచ్చాక సామాను తీసుకెళ్లడానికి అతని తండ్రి వచ్చారు. మా ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్లు తాగారు.

"నాకు బుద్ధి తెలిసినకాడికెళ్లి చూస్తున్న సార్" అన్నారు. "సర్కారోళ్లు తప్పయింది అని కాయితం మీద రాసుడు ఇదే ఫస్టు."

కొడుకు మేడ మీద నుంచి ట్రంకుపెట్టె దించుతున్నాడు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఒక చివర పట్టుకోవడానికి లేచారు.