ఒటీలియె, చెక్క మనిషి

ఆ మంగళవారం పదకొండు గంటలకు ఒటీలియె తొడల వెనక పేము కుర్చీ అల్లిక గళ్ళుగళ్ళుగా అచ్చు పడింది.

ప్రాగ్‌లో హావ్రాన్ గారి స్టూడియోలో బట్టలు విడిచి ఫొటోకి నిలబడే ఆడవాళ్ళకు ఒక కట్టుబాటుంది. వచ్చే ముందు రెండు గంటల పాటు మేజోళ్ళ పట్టీ గానీ, నడుం నాడా గానీ ఒంటిని తాకకూడదు. ఆ నొక్కులు ఫొటోలో మనిషి కంటే ముందు కనబడతాయి. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఒటీలియె పదేళ్ళుగా ఆ నియమం తప్పలేదు. ఆ రోజూ పొడుగు కోటు కింద పల్చటి లోపలి గౌనొక్కటే వేసుకుని, ట్రాములో వణుక్కుంటూ వచ్చింది. మబ్బు తొలగేదాకా కూర్చోమన్నాడాయన. కోటు విప్పి, పేము కుర్చీలో ముప్పావుగంట బుద్ధిగా కూర్చుంది.

"వెనక్కి తిరుగు," అన్న హావ్రాన్ గారు తల పట్టుకున్నాడు. "నేనడిగింది మనిషి ఆకారం. నువ్వు తెచ్చింది జల్లెడ."

"కూర్చోమన్నది మీరేనండి."

"ఆ కుర్చీలోనే కూర్చోమన్నానా?"

"ఇంకో కుర్చీ ఉంటే చూపించండి."

సాయంత్రం బండికి ఫొటో వియన్నా ప్రదర్శనకు వెళ్ళాలి. సారా ఫ్యాక్టరీ పొగగొట్టం అడ్డమొచ్చేదాకానే కిటికీలో ఎండ. అంటే ఇంకో అరగంట. ఇవాళ కుదరకపోతే ఇక మనుషులతో పనే లేదని, గోడకి ఆనించిన ప్లైవుడ్ బొమ్మను చూపించాడు. ఆడమనిషి ఆకారంలో తనే రంపంతో కోసి నల్లరంగు పూశాడు. దానికి చలి వెయ్యదు, తుమ్ము రాదు.

వారమంతా ఆవిరిలో వంగి ఉండే ఒటీలియె ఒళ్ళు నిటారుగా నిలబడేది ఈ ఒక్క చోటే.

ఆయన వేడి తువ్వాలు తెచ్చిచ్చాడు. ఆమె రుద్దుకుంది. గళ్ళు పోలేదు సరికదా, ఎర్రబడ్డాయి.

"బాగుంది. జల్లెడకి రంగు కూడా వేశావు."

ఒటీలియె ఎండ వాలు చూసుకుని, ప్లైవుడ్ బొమ్మను నడుం పట్టుకుని ఈడ్చుకొచ్చి కిటికీ ముందు నిలబెట్టింది. దాని నీడలో కెమెరాకి వీపు తిప్పి నిలబడింది. నడుం కిందంతా నల్లటి నీడలో మునిగిపోయింది. పైన భుజం నుంచి నడుం దాకా ఒకే ఒక తెల్లటి వంపు మిగిలింది.

"ఇప్పుడు చూడండి."

హావ్రాన్ గారు కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడు. కదలొద్దని, కదలని మనిషికి మూడుసార్లు చెప్పాడు.

రెండు గంటల తర్వాత, తడి ఆరని ఫొటోను వెలుగులో పట్టి చాలాసేపు చూశాడు. గళ్ళు ఎక్కడా లేవు.

"బాగానే వచ్చింది," అన్నాడు, పన్ను పీకించుకున్నంత బాధగా. "శనివారం రా. కానీ ఒక మాట. వెలుగు ఎక్కడ పడాలో నాకే పాఠాలా? ఆ చెక్క మనిషి ఏనాడైనా నాకు ఎదురు చెప్పిందా?"

ఒటీలియె కోటు బొత్తాలు పెట్టుకుంటూ అంది:

"అది ఇంకా కొత్త కదండీ."